హద్దు రాయని హిసాబ్

ఇంటర్ పిల్లల్ని అడగండి, అకరణీయ ప్రమేయానికి ప్రదేశం ఎలా కనుక్కోవాలని. జవాబు జల్దీగా వస్తుంది: "హారం సున్నా కాకూడదు." గలత్ కాదు గానీ అధూరా జవాబు.

(x²−9)/(x²−5x+6) తీసుకోండి. హారం (x−2)(x−3). అంటే 2, 3 రెండూ మనా. మనవాళ్లేమో ముందు పైనా కిందా (x−3) కొట్టేస్తారు. (x+3)/(x−2) మిగులుతుంది. ఇక 2 ఒక్కటే కాకూడదని రాసేస్తారు. 3 వేస్తే 6 వస్తుంది కదా అంటారు. అసలు ప్రమేయానికి 3 దగ్గర జవాబే లేదు జనాబ్! కొట్టివేత తర్వాత, హద్దు ముందు. ఇదే ఉసూల్.

పలాస, టెక్కలి, ఉద్దానం పిల్లలకు ఈ పాఠం మరీ జరూరీ. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో క్రియాటినిన్ రిపోర్టు ఉంటుంది. ఆ కిడ్నీ జబ్బుకు అసలు సబబు ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

కిడ్నీ వడపోతను అంచనా వేయడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ఇచ్చిన సూత్రం అచ్చంగా అకరణీయ ప్రమేయమే: (140−వయసు)×బరువు/(72×క్రియాటినిన్). యాభై ఏళ్లు, 54 కిలోలు, క్రియాటినిన్ 1.5 అయితే నిమిషానికి 45 మిల్లీలీటర్లు. ఆడవాళ్లకైతే దాన్ని 0.85తో గుణించాలి.

దీని ప్రదేశం ఏమిటి? క్రియాటినిన్ సున్నా కాకూడదని బీజగణితం ఊరుకుంటుంది. వయసు 150 వేసినా అభ్యంతరం లేదు, రుణ సంఖ్య ఇచ్చేస్తుంది! జిందగీ షరతులు వేరు. ఆ సూత్రం పుట్టింది 249 మంది పెద్దవాళ్ల లెక్కల నుంచి, అందులో దాదాపు అందరూ మగవాళ్లే. పసిపిల్లలకు అది పనికిరాదు. క్రియాటినిన్ రోజురోజుకీ మారుతుంటే దాని మాట నమ్మలేం. కండ కరిగిన మనిషిలో క్రియాటినిన్ తక్కువగా పుడుతుంది. అప్పుడు కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపించవచ్చు. ఇప్పుడు వేరే సూత్రాలూ వాడుతున్నారు. వాటికీ హద్దులున్నాయి. అందుకే ఫైసలా డాక్టరుదే, ఫోన్‌లో లెక్కలది కాదు.

ఉస్తాదులకు నా గుజారిష్ రెండే. సూక్ష్మీకరణకు ముందు ప్రదేశం రాయనివాళ్లకు మార్కు కోయండి. రాశాక ఇంకో సవాల్ వేయండి: ఈ x ఎవరు? మనిషి వయసా, బరువా, రక్తంలో కొలతా? సున్నా ఒక్కటి తీసేస్తే హద్దు పూర్తయినట్టు కాదు. ఈ సూత్రానికి ఎవరి గురించి మాట్లాడే హక్కుందో తేల్చడమే ప్రదేశం కనుక్కోవడం.