ఓడ కనిపించేంత దూరంలో బీచ్

మనవాళ్ళలో క్రూయిజ్ పిచ్చి బాగా పెరిగింది. థాంక్స్‌గివింగ్ వచ్చిందంటే చాలు, మయామీ నుంచి బయల్దేరే మూడు నాలుగు రోజుల ఓడల్లో బఫే క్యూ దగ్గర తెలుగు వినపడకుండా ఉండదు. దానికి నాకేం అభ్యంతరం లేదు, నేనూ ఆ క్యూలో నుంచున్నవాడినే. నా పేచీ అంతా ఓడ రేవులో ఆగిన రోజు గురించి.

ఆ రోజు మనవాళ్ళు చేసేది రెండే. అందరూ దిగిపోయారు కదా, పూల్ ఖాళీగా ఉందని ఓడలోనే కూచోడం. లేదంటే ఓడవాళ్ళు అమ్మే బీచ్ టూరు కొనడం. మేం బహామాస్‌లోని నాసో వెళ్ళినప్పుడు ఆ టూరు మనిషికి తొంభై డాలర్ల పైమాటే చెప్పారు. నలుగురున్న కుటుంబమైతే మీరే లెక్కేసుకోండి. బస్సెక్కించి, ఓ బీచిలో దింపి, చేతిలో ఓ డ్రింకు కూపన్ పెట్టి, మళ్ళీ బస్సెక్కిస్తారు. అంతే.

మరి జనం ఎందుకు కొంటారూ అంటే, భయం. ఓడవాళ్ళ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీరు సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఆగదు. ఇది నిజమే, కాదనను. ఊరి అవతలి చివరకో, మరో దీవికో వెళ్ళేవాళ్ళకి ఆ ధీమా కోసం డబ్బు పెట్టడంలో అర్థముంది. కానీ నడిచిపోయేంత దూరంలో ఉన్న బీచికి ఇన్సూరెన్స్ ఎందుకండీ? నాసో రేవు గేటు దాటి బే స్ట్రీట్ మీదకొచ్చి, సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని పడమరకి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే జంకనూ బీచ్ వస్తుంది. టికెట్ లేదు. ఇసకలో కూచుంటే మీ ఓడ ఎదురుగా కనపడుతూనే ఉంటుంది. సెయింట్ మార్టెన్‌లో ఫిలిప్స్‌బర్గ్ కూడా ఇంతే. గ్రాండ్ టర్క్‌లో అయితే ఓడ దిగగానే పక్కనే ఇసక. కొజుమెల్‌లో మాత్రం మంచి ఇసక కావాలంటే దక్షిణం వైపు టాక్సీలో పోవాల్సిందే.

జంకనూ ప్రపంచంలోకెల్లా గొప్ప బీచేమీ కాదు. పాటల మోత ఉంటుంది, జడలు అల్లుతామనీ జెట్ స్కీ ఎక్కమనీ వెంటపడతారు. నవ్వుతూ ఓసారి వద్దంటే చాలు. లైఫ్‌గార్డ్ ఉంటాడని మాత్రం నమ్ముకోకండి, పిల్లలుంటే కన్నేసి ఉంచాలి. కానీ అక్కడ కుర్చీ అద్దెకిచ్చేవాడూ, కొబ్బరికాయ కొట్టిచ్చేవాడూ ఆ ఊరివాళ్ళే. బహామాస్ డాలరూ అమెరికా డాలరూ ఒకటే విలువ, మన నోట్లు తీసుకుంటారు. ఆ పది డాలర్లు ఆ ఊళ్ళోనే ఉంటాయి. నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది.

ఎందుకంటే ఇప్పుడు ఓడ కంపెనీలు బీచిని కూడా తామే కట్టేస్తున్నాయి. నార్వీజియన్ వాళ్ళు గ్రేట్ స్టిరప్ కే దీవిని 1977లోనే కొన్నారు. రాయల్ కరీబియన్ వాళ్ళు కోకోకేని 2019లో భారీగా మార్చారు, కార్నివాల్ వాళ్ళు 2025 జులైలో గ్రాండ్ బహామాలో సెలబ్రేషన్ కీ తెరిచారు. 2025 డిసెంబర్లో రాయల్ కరీబియన్ నాసో రేవుకెదురుగా ప్యారడైజ్ ఐలండ్ మీదే టికెట్ పెట్టి బీచ్ క్లబ్ తెరిచింది. దాంట్లో బహామాస్ వాళ్ళకి 49 శాతం వరకూ వాటా అన్నారు, అది మెచ్చుకోవాల్సిందే. అయినా ఓడలో తిని, ఓడవాడి బీచిలో స్నానం చేసి, ఓడవాడి కార్డే గీకి తిరిగొచ్చి 'బహామాస్ చూశాం' అని ఫొటోలు పెట్టడం నాకు మింగుడుపడదు. అది క్లయింట్ ఆఫీసుకెళ్ళి కాన్ఫరెన్స్ రూము దాటకుండా 'న్యూయార్క్ చూశా' అన్నట్టుంటుంది :)

తిండి సంగతి. శంఖంలో ఉండే జీవి మాంసాన్ని ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసంతో పచ్చిగానే కలిపి కాంక్ సలాడ్ అని ఇస్తారు. తినేవాళ్ళు వదలొద్దు. శాకాహారులు మాత్రం 'పీస్ అండ్ రైస్' అన్న పేరు చూసి మురిసిపోకండి, పంది మాంసం ముక్కలు వేసి వండటం అక్కడ మామూలే.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. హెచ్1 మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు 'ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది కదా' అని ఓడెక్కేయొద్దు. ఐ-94 చెల్లుబాటులో ఉండి, 30 రోజులు దాటకుండా వెళ్ళొస్తే వర్తించే ఆ వెసులుబాటు హెచ్1 వాళ్ళకి కెనడా, మెక్సికోలకే. పక్కనున్న దీవులకి, అదీ క్యూబా కాకుండా, ఎఫ్1, జె1 వాళ్ళకి మాత్రమే. అంటే స్టాంపు లేని హెచ్1 వాళ్ళకి కొజుమెల్ ఒక్కటే ఉన్న ఓడకీ, దారిలో నాసో కూడా ఉన్న ఓడకీ చాలా తేడా ఉంది. టికెట్ కొనకముందే లాయర్ని అడగండి.

నాసోలో దిగేటప్పుడు ఓడ కార్డుతో పాటు డ్రైవింగ్ లైసెన్సూ జేబులో పెట్టుకోండి, తిరిగి రేవులోకి రావడానికి ఫొటో ఐడీ అడుగుతారు. చేతికి మామూలు వాచీ ఉంటే దాన్ని ఓడ టైముకి పెట్టుకోండి. నాసో టైమూ మయామీ టైమూ ఒకటే గానీ, వేసవిలో కొజుమెల్ గంట వెనక ఉంటుంది, ఫోను మీకు చెప్పకుండానే టైము మార్చేసుకుంటుంది.