ఒక్క స్టేషన్ దూరంలో ఉద్యోగం

‘అన్నా, ఆఫర్ లెటర్ వచ్చింది. ఆఫీసు మాదాపూర్. రూమ్ ఎక్కడ చూసుకోమంటావ్?’ కాలేజీ జూనియర్లు ఏటా అడిగే ప్రశ్న ఇది. నేను చెప్పేదీ ఒకటే. ముందు బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌కెళ్లి, పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుని రా. రూమ్ సంగతి తర్వాత చూద్దాం.

హైదరాబాద్‌లో 2003 ఆగస్టులో మొదలైన ఈ లోకల్ రైళ్లకి బోరబండ చిన్న స్టాప్. కానీ లింగంపల్లి వైపు దాని తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. పక్కనున్న భరత్‌నగర్ నుంచి మెట్రోలో వెళ్లాలంటే వెనక్కి అమీర్‌పేట దాకా పోయి రైలు మారాలి. ఎంఎంటీఎస్ నేరుగా తీసుకెళ్తుంది. టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. మోతీనగర్, అల్లాపూర్ గల్లీల్లో అద్దెలు మాదాపూర్ కంటే తక్కువ. ఇరవై వేల జీతంతో మొదలెట్టే ఫ్రెషర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

రైలు కావాలి! చిక్కంతా అక్కడే. ఎంఎంటీఎస్‌కి సొంత పట్టాలు లేవు. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఇదే లైన్‌లో పోతాయి. వాటికి దారివ్వాల్సి వస్తే లోకల్ ఆగుతుంది. ఒక బండి మిస్సయితే తర్వాతిది ఎప్పుడో టైమ్‌టేబుల్ చూసి గుండె చిక్కబట్టుకోవాలి. బండ్లు తక్కువని జనం ఎక్కరు, జనం లేరని బండ్లు పెరగవు. 2020 మార్చిలో ఆగిన సర్వీసులు మళ్లీ మొదలైంది 2021 జూన్‌లో. ఆలోపు నా ఫ్రెండ్స్‌లో సగం మంది ఈఎంఐ మీద బైక్ కొనేశారు. ఇక తిరిగి చూడలేదు.

నా తప్పూ ఒకటి చెప్పాలి. మొదటి ఉద్యోగంలో రైలు నిమిషాలే లెక్కేసుకున్నాను. హైటెక్ సిటీ స్టేషన్ నుంచి సైబర్ టవర్స్ రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుందని, షేర్ ఆటో నిండితే గానీ కదలదని బుర్రకి తట్టలేదు. మూడో రోజే లేటు. చెమటలు కక్కుతూ స్టాండప్ మీటింగ్‌లోకి వెళ్తే అందరూ నన్నే చూశారు.

అప్పట్లో దీనికి మంచి యాప్ ఉంటే చాలనుకునేవాణ్ని (ఇంజినీరు బుద్ధి!). రైలు ఎక్కడుందో యాప్ చూపిస్తుంది గానీ, లేని రైలుని తేలేదు కదా. పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో సికింద్రాబాద్-లింగంపల్లి మధ్య ఇరవై నిమిషాలకో బండి ఉండాలి. అది వచ్చేసరికి హైటెక్ సిటీ స్టేషన్ బయట సిటీ బస్సు రెడీగా ఉండాలి. కొత్త భవనాలు, ఎల్‌ఈడీ బోర్డులు తర్వాత పెట్టుకోవచ్చు. ఐడీ కార్డు మెడలో వేసుకున్న మనకంటే, ఆ ఆఫీసులు ఊడ్చే అక్కలకి, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్లకి ఆ ఐదు రూపాయల టికెట్ ఇంకా పెద్ద విషయం. షిఫ్ట్ అయి రాత్రి పొద్దుపోయాక బయటికొచ్చే అమ్మాయిలకైతే డబ్బుతో పాటు భద్రత కూడా.

మొన్న ఒక జూనియర్ నిజంగానే వెళ్లి కూర్చున్నాడు. పదింటికి ఫోన్ చేశాడు. ‘అన్నా, రూమ్ మోతీనగర్‌లోనే తీసుకుంటా. కానీ నీకు తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ బైక్ ఏమైనా ఉందా?’