రాగి రంగు చూసి బేరమాడరాదు

రాగి ధర పెరిగినప్పుడల్లా స్పాట్ వెల్డింగ్ టిప్పుల సరుకులో ఒక పెడధోరణి తలెత్తుతుంది. క్రోమ్ కాపర్ కడ్డీ కొనవలసిన కార్ఖానాదారు మామూలు రాగి కడ్డీ అడుగుతాడు. కిలోకు మిగిలే సొమ్మే అతనికి కనిపిస్తుంది. వర్తకుడు కూడా సరుకు కదిలితే చాలుననుకుంటాడు. చివరకు ఇద్దరూ నష్టపోతారు.

కరెంటు పారడంలో శుద్ధ రాగిదే పైచేయి. కాని టిప్పుకు అదొక్కటే చాలదు. రేకులను గట్టిగా నొక్కిపట్టి వేల ఆంపియర్లను క్షణంలో పంపాలి. శుద్ధ రాగి 200 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలోనే మెత్తబడి, టిప్పు మూతి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 6 మిల్లీమీటర్ల మూతి 7 అయితే తాకే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అదే కరెంటు పలచబడి అతుకు పచ్చిగా మిగిలిపోతుంది. బీరువా పైకి బాగానే వుంటుంది. తలుపు ఊడినప్పుడు గాని సంగతి బయటపడదు.

సుమారు ఒక శాతం క్రోమియం కలిపి, సరిగా హీట్ ట్రీట్‌మెంట్ చేసిన కడ్డీ 450 డిగ్రీల వేడికి కూడా గట్టిదనం కోల్పోదు. వాహకత శుద్ధ రాగితో పోల్చితే 75 శాతానికి తగ్గదు. మామూలు ఉక్కు రేకులకు ఇదే తగిన సరుకు. జింకు పూత రేకులకు జిర్కోనియం కూడా కలిసినది వాడుతున్నారు. స్టెయిన్‌లెస్ రేకులకు ఒత్తిడి ఎక్కువ కావాలి గనుక 45 శాతం వాహకత గల కోబాల్ట్ బెరీలియం కాపర్ వంటిది అవసరమవుతుంది.

అలాగని ఖరీదైనదే మేలని 20 శాతం వాహకత మాత్రమే గల గట్టి బెరీలియం కాపర్‌ను టిప్పులకు అంటగట్టడమూ తప్పే. టిప్పే వేడెక్కిపోతుంది.

చిక్కేమంటే ఇవన్నీ చూపుకు రాగిలాగే వుంటాయి. హీట్ ట్రీట్‌మెంట్ జరగని క్రోమ్ కాపర్ రసాయన పరీక్షలో నెగ్గి, మెషీను మీద ఓడిపోతుంది. కనుక సర్టిఫికెట్‌లో గట్టిదనం, వాహకత రెండూ వుండాలి. వాహకతను చేతి మీటరుతో కొట్టులోనే చూసుకోవచ్చు. బెరీలియం ముక్కలను ఇతర తుక్కులో కలపరాదు. సానపట్టేటప్పుడు లేచే ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

బిల్లులో ‘రాగి కడ్డీ’ అని వ్రాసి ఊరుకోక మిశ్రమం పేరు వ్రాయడం వర్తకులకే రక్ష. బేరం కిలో ధర మీద గాక, టిప్పును మళ్ళీ చెక్కేలోగా ఎన్ని అతుకులు పడతాయన్న లెక్క మీద సాగాలి. ఆ లెక్క చూపగల వర్తకుడికి రాగి ధర ఎటు పోయినా ఖాతాదారులు మిగులుతారు.