డీజిల్ నాణ్యత అడగడం మన హక్కు

ఎరువు బస్తా మీద పోషకాల శాతం, విత్తన సంచి మీద మొలక శాతం రాసి ఉంటాయి. వేలు పోసి కొనే డీజిల్ సంగతే మనకు తెలియదు.

పోయిన వరి కోతల్లో నా ట్రాక్టర్ చేలోనే ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టర్ విప్పితే నీళ్లు! బంకువాళ్లు "మా డీజిల్ కాదు" అన్నారు. నా దగ్గర బిల్లు లేదు. ఇంజెక్టర్ల ఖర్చు నామీదే పడింది.

సోదరులారా, బిల్లు తీసుకోండి. గాజు సీసాలో కొంత డీజిల్ పట్టి కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి. బంకులో సాంద్రత రాసి పెట్టాలి, హైడ్రోమీటరుతో చూపించమని అడగవచ్చు. కొలత అనుమానమైతే తూనికల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రలో పోయించండి.

ఆ వివరాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. కోతల కాలంలో అధికారులు తనిఖీలు చేయాలి. సంఘం తరఫున ఇదే అడుగుదాం.