మెడకు డాప్లర్ పరీక్ష ఎవరికి?

ఏ బాధా లేనివారు ‘ఎడమ పక్క రక్తనాళము 40 శాతము మూసుకుపోయిందట’ అని కాగితము పట్టుకొని వణుకుతూ నా వద్దకు వచ్చేవారు. సంపూర్ణ ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలలో మెడకు డాప్లర్ కూడ చేరిన ఫలితమది. ఆ పరీక్షపై నాకు గౌరవమే. దానిని అమ్మే తీరుపైనే అభ్యంతరము.

దవడకు దిగువన, నాడి తగిలే చోటికి దగ్గరలో గ్రీవధమని రెండుగా చీలుతుంది. కొవ్వు, కాల్షియం పేరుకొనేది ఎక్కువగా ఆ చీలిక వద్దనే. సూది, రంగుమందు, ఎక్స్‌రే ఏవీ లేకుండ అల్ట్రాసౌండ్ ఆ గోడలను చూపుతుంది, రక్తవేగమును కొలుస్తుంది. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారినట్లే, సన్నబడిన ధమనిలో రక్తము వేగము పుంజుకొంటుంది. గరిష్ఠవేగము సెకనుకు 125 సెంటీమీటర్లకు లోపైతే సంకోచము 50 శాతానికి తక్కువ, 230 దాటితే 70 లేక అంతకు మించినదని 2003లో ప్రచురితమైన అమెరికా రేడియాలజిస్టుల ప్రమాణము. అనగా ఆ శాతము చాలావరకు వేగమును బట్టి కట్టిన అంచనా. 50కి లోపలి అంకెలను వేగముతో విడదీసి చెప్పలేము. ధ్వనితరంగము తాకే కోణము 60 డిగ్రీలు మించితే లెక్క తప్పుతుంది. కాల్షియం నీడ పడితే వెనుకనున్నది కనబడదు. నాళము దాదాపు పూర్తిగా పూడుకుపోతే వేగము తిరిగి తగ్గి, చూసేవారిని మోసగిస్తుంది కూడ!

లక్షణాలు లేని సామాన్యులకు ఈ పరీక్ష వద్దని అమెరికా నివారణ సేవల కార్యదళము 2021లో మరల చెప్పింది. తప్పుడు ఫలితము వెంట శస్త్రచికిత్స, స్టెంటు వస్తాయి. వాటివలననే పక్షవాతము రావచ్చును. ఆ సొమ్ముతో రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ మందులు మానకుండ వాడుకోండి. పొగాకు విడవండి.

అయితే ఒక కంటికి తెర దించినట్లు చూపు పోయినా, ఒక పక్క చేయి పట్టు తప్పినా, మాట తడబడినా, అది పది నిమిషాలలో సర్దుకొన్నా సరే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. అప్పుడీ పరీక్ష అత్యవసరము. తీవ్ర సంకోచము తేలితే శస్త్రచికిత్స రెండు వారాలలోపు జరిగినప్పుడే ప్రయోజనము అత్యధికము. ‘తగ్గిపోయిందిగా’ అని ఇంటనే ఉండిపోయిన ఒక బడిపంతులు నాలుగవనాడు మాట పూర్తిగా పడిపోయి వచ్చారు. ఆయనను నేను మరువలేదు.

మెడ బాగున్నదని నిశ్చింతగా ఉండకండి. పుర్రె లోపలి ధమనుల సంకోచము మనవారిలో తరచు కనబడేదే; అది ఈ పరీక్షకు చిక్కదు. రిపోర్టులో శాతము మాత్రమే వ్రాసి ఉంటే, వేగము కూడ అడిగి వ్రాయించుకోండి.