ఇల్లు మనది కాదు, అప్పు మాత్రం మనది!



జీతాల రోజున మన కార్యాలయాల గుమ్మాల వద్ద స్థిరాస్తి ఏజెంట్లు ప్రత్యక్షమగుట నేడు సాధారణమైపోయినది. "జీతం చీటీ ఇవ్వండి, అప్పు మేమే ఇప్పిస్తాము. ఇల్లు చేతికి వచ్చేవరకు వాయిదాలు బిల్డరే కడతాడు. ఆ తరువాత రేటు రెట్టింపే!" ఇదీ వారు పాడే పాట.

ఈ ఏర్పాటులోని గుట్టు ఏమిటి? అప్పు పత్రంపై సంతకం ఉద్యోగిది. సొమ్ము చేరేది బిల్డరు ఖాతాకు. పునాది దాటకముందే డబ్బు చేజిక్కిన బిల్డరు వాయిదాలు మానివేసిననాడు, బ్యాంకు నోటీసు వచ్చేది ఉద్యోగి ఇంటికే. నిర్మాణ దశలను బట్టి మాత్రమే రుణం విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పినది. ఇటువంటి పథకాలకు దూరంగా వుండాలని జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2019 జులైలో గృహరుణ సంస్థలను కోరినది. అయినను ఢిల్లీ పరిసరాలలో వేలాది కుటుంబాలు ఈ వలలో చిక్కినవి. బ్యాంకులు, బిల్డర్ల కుమ్మక్కుపై విచారణ జరుపవలెనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సి.బి.ఐ.ని ఆదేశించవలసి వచ్చినది.

"బిల్డరుకు అప్పు దొరకనిచో ఇళ్లు ఎక్కడినుండి వస్తాయి?" అని కొందరు మేధావులు ప్రశ్నిస్తారు. సరే, అప్పు ధారాళంగా దొరికిన రోజులలో ఏమి జరిగినదో చూడండి. అధిక వడ్డీకి ఫైనాన్సు కంపెనీల సొమ్ము భూముల బేరాలలోకి ప్రవహించినది. 2018 సెప్టెంబరులో ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. కూలగానే ఆ ప్రవాహం ఆగినది. సగం కట్టిన భవనాలు మొండిగోడలుగా మిగిలినవి. వాటిని పూర్తి చేయుటకు 2019 నవంబరులో 25,000 కోట్ల రూపాయల నిధిని ప్రకటించవలసి వచ్చినది. లాభం బిల్డరుకు, నష్టం ప్రజలకు! ఇదేనా న్యాయం?

మన వంటి ఉద్యోగుల గతి ఇంకను ఘోరము. ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండులో రెండువేల కోట్లకు పైగా సొమ్ము డి.హెచ్.ఎఫ్.ఎల్. అను గృహరుణ కంపెనీలో చిక్కుకొన్నట్లు 2019లో బయటపడినది. వారు విధులు బహిష్కరించి పోరాడవలసి వచ్చినది. శ్రామికుని వృద్ధాప్యపు కూటిని అతని అనుమతి లేకుండా అప్పుల జూదంలో పెట్టే హక్కు ఎవరిచ్చారు?

మరి మనకు మార్గము లేదా? వున్నది. అదే గృహనిర్మాణ అడ్వాన్సు. దీనికి చక్రవడ్డీ లేదు. ముందు 180 వాయిదాలలో అసలు, పిదప 60 వాయిదాలలో వడ్డీ చెల్లించవచ్చును. 2017 నవంబరు ఉత్తర్వులోని 8.5 శాతం వడ్డీనే తీసుకొని లెక్క వేయండి. 10 లక్షల అసలుపై మొత్తం వడ్డీ సుమారు 6 లక్షల 41 వేలు. అదే 8.5 శాతానికి, అదే ఇరవై ఏండ్లకు బ్యాంకు వాయిదాల పద్ధతిలో వడ్డీ సుమారు 10 లక్షల 83 వేలు. తేడా 4 లక్షలకు పైమాటే!

అయితే ఆ ఉత్తర్వే మన చేతులు కట్టివేసినది. 34 నెలల మూలవేతనం లేదా 25 లక్షలు, ఏది తక్కువైతే అంతవరకే అడ్వాన్సు. 18,000 రూపాయల మూలవేతనంగల గ్యాంగ్‌మన్‌కు వచ్చేది 6 లక్షల 12 వేలు! ఆ సొమ్ముతో ఏ పట్టణంలో ఇల్లు వస్తుంది? కార్మికుని ఏజెంటు వాకిట నిలబెట్టినది ఈ పరిమితియే.

కనుక అడ్వాన్సు పరిమితిని ఇళ్ల ధరలకు అనుగుణంగా పెంచవలెను. ఉద్యోగుల నిధులను ప్రైవేటు గృహరుణ కంపెనీలలో పెట్టరాదు. ఇల్లు అప్పగించనిదే కొనుగోలుదారునిపై వసూలు చర్యలు తీసుకొనరాదు.

అంతవరకు ప్రతి సభ్యునికి మా హెచ్చరిక: 2016 చట్టం క్రింద రెరాలో నమోదు కాని ప్రాజెక్టుకు పైసా ఇవ్వకండి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేనిదే ధరలో పదవ వంతుకు మించి తీసుకొనే హక్కు బిల్డరుకు లేదు. ఎవడో కడతానన్న వాయిదాలను నమ్మి సంతకం పెట్టకండి. శాఖా సమావేశాలలో ఈ కోర్కెలపై తీర్మానాలు చేయండి!