నిలకడ లేని గల్లాకు నిలకడైన వాయిదా

సేద్యమొక్కటే వానను నమ్ముకొన్న వ్యాపకమని మనం తలపోస్తూ ఉంటాం. రైతు పంటకోసం నెలల తరబడి ఎదురుచూస్తాడు. హోటలు నడిపేవానికి పూటపూటా పంటకాలమే. ఏ పూట పండుతుందో, ఏ పూట ఎండుతుందో చెప్పగలవారు అరుదు. అట్టివాడు అప్పు చేయవలసి వచ్చినప్పుడు ఏ జాగ్రత్త వహించాలన్నదే మన విచారణ.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరం ఇందుకు చక్కని నిదర్శనం. సోవియట్ సహకారంతో నెలకొన్న ఆ కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పనికోసం తరలిన తెలుగువారెందరో అక్కడ స్థిరపడ్డారు. వారి వెంట ఇడ్లీ, దోసె కూడా వెళ్ళాయి.

అచ్చటి హోటలుదారు ఎదుర్కొనే ఒడిదుడుకులు రెండు విధాలు. మొదటివి ముందే తెలిసేవి. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు షిఫ్టులు మారినప్పుడు జనం ఒక్కసారిగా వస్తారు. నడుమ బల్లలు ఖాళీగా ఉంటాయి. జీతాల వారం గల్లా నిండుతుంది, నెలాఖరున పలచబడుతుంది. సెప్టెంబరులో విశ్వకర్మ పూజకు సందడి. వేసవి సెలవులలో కుటుంబాలు స్వగ్రామాలకు పోతే మందకొడి.

రెండవవి చెప్పకుండా వచ్చేవి. రేపటి ఇడ్లీకి పప్పు నేడే నానబోయాలి. రాత్రి వాన పట్టుకొంటే ఆ పిండి పులిసి పునుగులకే మిగులుతుంది. వంటమాస్టరు మాటమాత్రం చెప్పకుండా మానివేస్తాడు. కాంట్రాక్టు కూలీలకు బట్వాడా ఆలస్యమైతే వారి భోజనం ఖాతా పద్దుగా పెరుగుతుంది. 2019 డిసెంబరులో అనేక నగరాలలో ఉల్లి కిలో 100 రూపాయలు దాటింది. 2020 మార్చి 25 నుండి లాక్‌డౌన్‌లో బల్లలే ఎత్తివేయవలసి వచ్చింది.

ఇట్టి రోజులలోనే ‘గిరిగిరి వడ్డీ’ వ్యాపారి గుమ్మంలో ప్రత్యక్షమౌతాడు. 9,000 రూపాయలు చేతికిచ్చి, దినమునకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తాడనుకోండి. పోయేది వెయ్యి మాత్రమే గదా అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తీరుతూనే ఉంటుంది గనుక, లెక్క కట్టి చూస్తే వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది!

కనుక హోటలు పెట్టదలచినవారు ఏమి చేయాలి? ప్రతి రాత్రీ గల్లా మూసే ముందు అమ్మకం, సరుకు, కూలి, మిగులు నాలుగు పద్దులుగా వ్రాయండి. మూడు నెలల లెక్క చేతనుంటే తెలిసిన ఒడిదుడుకులేవో, తెలియనివేవో వేరుపడతాయి. గ్రైండరు, పొయ్యి, ఫ్రిజ్ వంటి వాటికి కాలపరిమితి ఋణం తీసుకోండి. సరుకుకు క్యాష్ క్రెడిట్ వాడుకోండి. సరుకు సొమ్ముతో సామాను కొంటే తెల్లవారి బియ్యానికి అప్పు తప్పదు. మంచి వారాలలో మిగిలినది బ్యాంకులో విడిగా దాచండి. చెడ్డ వారానికి అదే బీమా. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకంలో 50,000 రూపాయల వరకు ‘శిశు’, అటుపై 5 లక్షల వరకు ‘కిశోర్’ ఋణాలకు ఆస్తి తనఖా అవసరం లేదు.

సరుకు అరువిచ్చే డీలర్లకూ ఒక మనవి. గడువు లేని అరువు ఆదరణ కాదు; అది ఇద్దరినీ ముంచుతుంది. వారంలో ఒక రోజు నిర్ణయించి, ఆనాడు పద్దు తీర్చుకోండి.

బ్యాంకులు చేయవలసినదీ ఉన్నది. పంటఋణానికి కోతకాలం చూసి గడువు నిర్ణయిస్తున్నాం. హోటలు ఋణానికి మాత్రం పన్నెండు నెలలూ ఒకే వాయిదా కోరడం న్యాయమా? జీతాల వారంలో కొంత, నడినెలలో కొంత కట్టే వీలు, మందకొడి నెలలలో తక్కువ వాయిదా కల్పిస్తే బాకీ సకాలంలో వసూలౌతుంది. అయితే ఆ వెసులుబాటు అడిగే హక్కు లెక్క చూపగలవారికే ఉంటుంది. మేనేజరు వద్దకు వెళ్ళేటప్పుడు మీ పద్దుల పుస్తకం వెంట తీసుకొని వెళ్ళండి.